ఉప్మాకి అయిదు ఓట్లు

ఓటు వేస్తూ నవ్వకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు. అయినా మొన్న ఎన్నికల రోజున అట్ట అడ్డు వెనక నిలబడి మీట నొక్కాక, ఆ మిషను కుయ్యిమని మోగేసరికి నాకు నవ్వు ఆగలేదు. పోలింగ్ ఆఫీసరు తలెత్తి, ఏమిటమ్మా అని తమిళంలో, "ఎన్నమ్మా?" అన్నాడు. ఏం చెప్పను? మా మామగారు గుర్తొచ్చారంటే ఆయనకేం అర్థమవుతుంది? "ఒన్నుమిల్లె సార్", ఏమీ లేదని చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటపడ్డాను.

మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. మామూలు రోజుల్లో గుర్తొస్తే ఒకలా గుర్తొస్తారు గానీ, ఎన్నికలొచ్చాయంటే మాత్రం మనిషి వచ్చి ఎదురుగా కూర్చుంటారు. ఊళ్ళో ఇంకా కాగితం మీద ముద్ర గుద్ది పెట్టెలో వేస్తున్న రోజుల్లోనే మా ఇంట్లో కరెంటు ఓటింగు మిషను పెట్టిన మహానుభావుడాయన. ఆ మిషనులోనే ఒకసారి నా ఉద్యోగం ఆరు ఎర్ర ఓట్లతో ఓడిపోయింది. ఆ కథ చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

నేను తెనాలి పిల్లని. తొంభైల మొదట్లో పెళ్ళయి మద్రాసు వచ్చాను. మా అత్తవారిది కోడంబాక్కంలో మేడ మీది వాటా. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చారో వాళ్ళకే తెలియదు. మాట్లాడేది తెలుగే, కానీ మొదటి నెల నాకు సగం అర్థమయ్యేది కాదు. నా తెలుగు వాళ్ళకు మరీ వింత. నేను ప్రతి మాటకీ అండీ తగిలిస్తుంటే మామయ్య ఒకరోజు ఎంతో సీరియస్‌గా అడిగారు.

"ఏమ్మా, మీ ఊళ్ళో పిల్లిని తరమాలన్నా అండీ అంటారా?"

"పిల్లి వయసును బట్టండీ" అన్నాను. ఆయన అంతసేపు నవ్వగా నేను మళ్ళీ చూడలేదు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ కుదిరింది.

ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవారు. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే ఆయనకు పెన్ను పక్కన కరెంటు టెస్టరు ఉండేది. కనబడ్డ ప్రతి వస్తువుకీ దాన్ని ఆనించి చూసేవారు. ఫ్రిజ్జు, గ్రైండరు, బస్సు కిటికీ ఊచ, ఆఖరికి వినాయక చవితి పందిట్లో విగ్రహం పీట. మా పెళ్ళిలో అందరూ అక్షింతలు పట్టుకుని మంగళసూత్రం కోసం ఎదురుచూస్తుంటే, పెళ్ళికొడుకు తండ్రి మాత్రం మండపం గుంజకు టెస్టరు ఆనించి దానివైపే తదేకంగా చూస్తున్నారు. ఫోటోలో ఇప్పటికీ అలాగే ఉన్నారు. మా నాన్న కంగారుపడి, ఏదైనా లోపం జరిగిందా బావగారూ అని అడిగితే, "కరెంటు ఎవురికీ చుట్టం కాదండీ" అన్నారట. ఆ మాటకి మా నాన్న రెండు రోజులు అర్థాలు వెతుక్కున్నాడు.

పొద్దున కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చున్నారంటే ప్రపంచం మీద వ్యాఖ్యానం మొదలయ్యేది. ఎవరైనా వింటున్నారా లేదా అనే పట్టింపు లేదు. ఎదురింటి ప్రహరీగోడ మీద ఏదో పార్టీవాళ్ళు వచ్చే ఎన్నికలకి ఈ గోడ మాదని సున్నం కొట్టి రాసుకుని పోయేవారు. దాన్ని చూసి, "గోడకి ఉండే గిరాకీ ఇంటోడికి లేదే మా" అనేవారు. రాజకీయ నాయకులు ఆయనకు మనుషులుగా కనబడేవారు కాదు, రేడియో లోపలి సామాన్లుగా కనబడేవారు. "ఈయన కండెన్సరు మాదిరి. చార్జి అంతా ఎత్తుకోని పెట్టుకుంటాడు, ఇయ్యాల్సినప్పుడు ఇయ్యడు. ఆయన ఫ్యూజు. ఏ గలాటా అయినా మొదట ఎగిరిపొయ్యేది ఆయనే."

"మరి మనింట్లో ఫ్యూజు ఎవరు మామయ్యా?"

"అడగాలనా? మీ అత్త."

వంటింట్లోంచి గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టిన చప్పుడు వినిపించేది. "చూసినావా" అనేవారు తృప్తిగా.

ఆటల్లో ఆయన పద్ధతి వేరు. ఆదివారం మధ్యాహ్నం మేడ మీద క్యారమ్సు. కింద వాటాలో అద్దెకున్నాయన సినిమా కాస్ట్యూముల పని చేసేవాడు, అందుకని మేడ మీద తీగల నిండా రాజుల అంగీలు, బంట్రోతుల తలపాగాలు ఆరుతుండేవి. వాటి నీడలో బోర్డు పెట్టి, ముందు దాని మీద రసమట్టం ఆనించి ఎటైనా వాలిందేమో చూసేవారు. తర్వాత స్ట్రయికరు ఎక్కడ తగిలితే కాయ ఏ కోణంలో పోతుందో గాలిలో వేలితో గీసి మాకు పాఠం చెప్పేవారు. పాఠం అయ్యాక కొడితే కాయ ఉన్నచోటే ఉండి స్ట్రయికరు వెళ్ళి గుంటలో పడేది. "థియరీ కరెక్టే" అనేవారు. మా ఆడబిడ్డ అప్పుడు కాలేజీలో చదువుతోంది. అది ఏ కోణాలూ చూడకుండా, జామకాయ కొరుక్కుంటూ, వరసగా కాయలన్నీ వేసేసేది.

ఇంత లాజిక్కు మనిషి, క్రికెట్ మ్యాచి వస్తే మాత్రం టీవీ ముందు కూర్చునేవారు కాదు. తను చూస్తే మనవాడు అవుటవుతాడని వంటింటి గుమ్మంలో నిలబడి "ఎంత?" "ఎంత?" అని అడుగుతూ ఉండేవారు. ఇది మూఢనమ్మకం కాదా అని నేనంటే నొచ్చుకున్నారు. "మూఢనమ్మకం కాదు మా, అబ్జర్వేషన్."

ఇక మిషను. ఆయన తండ్రిగారు ఇంట్లో నియంతట. "మా నాయిన తుమ్మితే చట్టం మా. కూరలో ఉప్పు నించి అందురూ పండుకునే టైము దాకా ఆయన చెప్పిందే. నా ఇంట్లో ఎవురూ అట్ట బతకాల్సిన పన్లే." అందుకని ఏ సంగతైనా ఓటుకు పెట్టాలని ఆయన సిద్ధాంతం. చేతులెత్తమంటే మొహమాటాలొస్తాయి, కాబట్టి రహస్య ఓటు. ఎక్స్ఛేంజిలో ఒకప్పుడు ఎవరెన్ని కాల్స్ చేశారో లెక్కపెట్టే మీటర్లు ఉండేవి. కొత్తరకం ఎక్స్ఛేంజిలు వచ్చాక అవి జార్జి టౌన్లో పాత సామాన్ల కొట్లకు చేరాయి. అలాంటివి రెండు కొనుక్కొచ్చి ఒక బిస్కెట్ల డబ్బాలో బిగించారు. మూత మీద పచ్చ మీట ఒకటి, ఎర్ర మీట ఒకటి. పచ్చ నొక్కితే ఔను, ఎరుపు నొక్కితే కాదు. ఏది నొక్కినా లోపల ఒకటే రకంగా టక్ మంటుంది, బయటున్నవాళ్ళకి ఏది నొక్కారో తెలియదు. దాన్ని సామాన్ల గదిలో స్టూలు మీద పెట్టి, కింద వాటాయన ఇచ్చిన ఎర్ర వెల్వెట్ తెర అడ్డం కట్టారు. ఏ సినిమాలోనో అంతఃపురానికి వేలాడిన తెర అది, బంగారు కుచ్చులతో సహా. దాన్ని తొలగించుకుని లోపలికెళ్ళి ఇడ్లీయా దోసెయా తేల్చి వచ్చేవాళ్ళం.

ఓటు వేసినవాళ్ళ చూపుడు వేలికి సిరా చుక్క పెట్టేవారు. అవ్వ, అంటే మామయ్య వాళ్ళమ్మ, మడి మనిషి. సిరా అంటనిచ్చేది కాదు. ఆమెకు వక్కాకు సున్నమే సిరా. ఎవరు ఏది నొక్కారో బయటికి చెప్పకూడదనేది పెద్ద రూలు. చెబితే తర్వాతి ఓటు రద్దు. ఆ రూలు దగ్గర ఆయన పెళ్ళాం బిడ్డల్ని కూడా చూసేవారు కాదు.

పెళ్ళయిన మూడో రోజు పొద్దున టిఫిను దగ్గర మామయ్య మొహం దిగులుగా ఉంది. ఇంత మంచి కోడలొస్తే ఇదేం దిగులని నాకు లోపల గుబులు పుట్టింది. చివరికి బయటపెట్టారు. "ఇన్నాళ్ళూ అయిదుగురం. ఇప్పుడు ఆరు. సరిసంఖ్య. మూడు మూడు పడితే ఏం చేసేది?"

"అయితే పిల్లని తెనాలికి పంపించేద్దామా?" అంది అత్తయ్య.

"అన్నని పంపిద్దాం నాయినా, నష్టం లే" అంది ఆడబిడ్డ. మా ఆయన దోసె మీంచి తలెత్తలేదు.

నాకు ఓటు ఇవ్వడం మానేస్తే సరిపోయేది కదా. ఆ ఆలోచనే ఆయనకు రాలేదు. "ఇంటికొచ్చిన దినమే ఓటు. గవర్నమెంటు మాదిరి లిస్టులో పేరెక్కించేదానికి ఏండ్లు తిప్పించుకోను" అన్నారు. కొత్త కోడలికి చీరలు పెట్టినవాళ్ళున్నారు, నగలు పెట్టినవాళ్ళున్నారు. ఓటు పెట్టినాయన్ని నేనెక్కడా వినలేదు. నిజం చెబుతున్నాను, నాకు కళ్ళు చెమర్చాయి.

మూడు మూడు పడితే ఏదో ఒక రంగు మీద తనంతట తనే ఆగే బల్బు ఒకటి అమర్చాలని డబ్బా అంతా విప్పారు. భోజనాల బల్ల మీద వైర్లు పేగుల్లా పరిచి, సాల్డరింగ్ ఐరన్‌తో పొగలు తెప్పిస్తూ మళ్ళీ అంతా అతికించారు. మూత బిగించి ఒకసారి నొక్కి చూశారు. టక్ మంది. "పర్ఫెక్ట్" అన్నారు.

ఆ ఆదివారం టిఫినుకి ఉప్మా చెయ్యాలా అన్నది ప్రశ్న. మామయ్యకు ఉప్మా అంటే ప్రాణం. ఆ ప్రశ్న ఆయన వారం వారం పెట్టడం, వారం వారం నాలుగు ఒకటితో ఓడిపోవడం మామూలట. నేను లోపలికెళ్ళి ఎరుపు నొక్కాను. మా వైపు ఉప్మా అంటే రైలు తప్పిపోయిన చుట్టాలకి చేసి పెట్టేది, ఆదివారం తినేది కాదు. మామయ్య మూత తీసి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"పచ్చ అయిదు. ఎరుపు ఒకటి."

 ఆ ఒక్కటీ నాదేననుకుని నేను తల వంచుకున్నాను. పక్కన ఇంకొందరు కూడా తల వంచుకున్నారని అప్పుడు గమనించలేదు. మామయ్య మాత్రం వెలిగిపోతున్నారు. "చూసినారా, నోరు తెరవనోళ్ళ ఓటు. పేపరోళ్ళ సర్వేలకి దొరకనిది ఇదే."

అంతే, ఉప్మా రాజ్యం మొదలయింది. ఆ ఇంట్లో అందరికీ ఉప్మా అంత ఇష్టమని తెలిశాక, మంచి కోడలిననిపించుకోవాలని నేను జీడిపప్పు దట్టించి, నెయ్యి పోసి, ఆదివారమే కాక మధ్యలో బుధవారం కూడా చేసేదాన్ని. అందరూ కిక్కురుమనకుండా తినేవారు. అవ్వ పళ్ళు లేని నోట్లో రవ్వ అటూ ఇటూ తిప్పుతూ నావైపు అదోలా చూసేది. మా ఆయన్ని గదిలో అడిగాను, మీకు ఉప్మా నిజంగా ఇష్టమా అని. "నువ్వు చేస్తే ఇష్టమే" అన్నాడు. అంతకంటే ఏ మొగుడు మాత్రం ఏం చెబుతాడు.

ఉప్మాతో ఆగలేదు. కేబుల్ టీవీ పెట్టించుకోవాలని అత్తయ్యా ఆడబిడ్డా ఎంతో ఆశపడ్డారు. "మన రిమోటు ఎవుడో డిష్షుగాడి చేతిలో పెట్టాలనా" అని మామయ్య అన్నారు. ఓటు పెడితే మామయ్య మాటే నెగ్గింది. వరండాకి ఆస్పత్రి రంగు పచ్చ వెయ్యాలన్నారు, నెగ్గింది. జీవితమంతా ఓడిపోతూ వచ్చిన మనిషి వరసగా గెలుస్తుంటే తన డబ్బాలో ఏదో తేడా ఉందని ఎందుకనుకుంటారు? ప్రజలకు బుద్ధొచ్చిందనుకున్నారు.

నాకు మాత్రం నెత్తిమీదికొచ్చింది. ఒకరోజు అత్తయ్య అవ్వతో అంటుంటే విన్నాను. "ఆ పిల్ల వచ్చినాకనే ఇట్ట తిరగబడింది. నోట్లో అండీ, చేతిలో మామ ఓటు. నా కొడుకునీ తిప్పుకునింది, నా కూతుర్నీ తిప్పుకునింది." నేను ఎవర్ని తిప్పుకున్నాను తల్లీ, మూలనున్న రుబ్బురోలు తప్ప. బాత్రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. మద్రాసులో నీళ్ళు అలా వదిలెయ్యడం ఎంత పెద్ద నేరమో అప్పటికి తెలియదు. బయటికొచ్చేసరికి దానికి ఇంకొన్ని చివాట్లు.

అలాంటి రోజుల్లో ఉద్యోగం మాట వచ్చింది. జార్జి టౌన్లో తెలుగువాళ్ళ పిల్లల కోసం నడిచే బడి ఒకటుంది, అక్కడ లెక్కల టీచరు కావాలి. ఆ బడి హెడ్మిస్ట్రెస్ మా పక్క వీధిలోనే ఉండేది. ఇంటికి పిలిచి నాలుగు ప్రశ్నలడిగి, సోమవారం వచ్చి చేరు, లేదంటే ఇంకొకర్ని చూసుకుంటాను అంది. పెళ్ళికి ముందు నేను తెనాలిలో పాఠాలు చెప్పినదాన్ని. చేతికి సుద్దముక్క తగలక వేళ్ళు దురదపెడుతున్నాయి. భాష తెలియని ఊళ్ళో, పొద్దస్తమానం ఉప్మా కలుపుతూ, చెయ్యని నేరానికి చూపులు పడుతూ ఉన్నదానికి ఆ సోమవారం ఎంత పెద్దదో నాకే తెలుసు. అది పోతే ఇంక నేను ఆ ఇంట్లో మనిషిగా మిగలననిపించింది.

ఇంట్లో చెప్పాను. అత్తయ్య వెంటనే అంది, "ఆ సందుల్లోనా? తోపుడు బండ్లు మీదికొచ్చేస్తాయి. ఒకదానివే పొయ్యి ఒకదానివే వచ్చేస్తావా?" అవ్వ అంది, "కొత్త కోడలు గడప దాటితే ఈది నాలుగు మాటలంటాది." మా ఆయన ఫ్యాన్ వైపు చూశాడు. మామయ్య మాత్రం చేతులు రుద్దుకుంటూ లేచారు. "దీనికెందుకు గలాటా. శనివారం ఓటుకు పెడదాం."

ఉప్మాకి అయిదు ఓట్లు వేసిన జనం నా బతుకు తేల్చబోతున్నారని తలుచుకుంటూ ఆ రాత్రి మజ్జిగన్నంలో రెండుసార్లు ఉప్పు వేసుకున్నాను.

శనివారం సాయంత్రం ఒక్కొక్కరే అంతఃపురం తెర తొలగించి వెళ్ళొచ్చారు. టక్. టక్. అత్తయ్య లోపల చాలాసేపు ఉంది. నేను పచ్చ మీట నొక్కాను, దేవుడి గంట కొట్టినంత భక్తిగా. అందరి వేళ్ళకూ సిరా, అవ్వకు సున్నం అయ్యాక మామయ్య డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీశారు. చూసి, మూత మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశారు.

"చెప్పండి మామయ్యా."

"పచ్చ సున్నా. ఎరుపు ఆరు."

సోమవారం పోయిందనుకున్నాను. అంతలోనే ఇంకోటి తట్టింది. నేను లెక్కల టీచర్ని. సున్నా అంటే సున్నా. మరి నా ఓటేదీ?

"నేను పచ్చ నొక్కాను" అన్నాను.

"ఓసి, చెప్పకూడదే" అంది అత్తయ్య.

"రూలు తెలుసు కదా మా. వచ్చే ఓటు పోతాది" అన్నారు మామయ్య. అన్నారే గానీ ఆయన కళ్ళు డబ్బా మీదే ఉన్నాయి.

"పోతే పోనివ్వండి. వచ్చే ఓటు కూడా ఉప్మాకే కదా. నేను పచ్చే నొక్కాను."

ఆయన టెస్టరు జేబులోంచి తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. "నేనూ పచ్చే నొక్కినా."

ఇంట్లో ప్రళయం వచ్చినట్టయింది. రూలు పెట్టినాయనే రూలు దాటారు. ఆడబిడ్డ వెంటనే, "నేనూ పచ్చే. రేపు నా ఉద్యోగానికీ ఈ డబ్బానే కదా తెస్తారు, అందుకని" అంది. అవ్వ వక్కాకు నములుతూ, "నేనూ అదే. పొయ్యేసి రానీ. ఊళ్ళో సంగతులు చూసొచ్చి చెప్తాది, నాకు పొద్దు పోతాది" అంది. మా ఆయన కూడా పచ్చేనని ఫ్యాన్‌తో చెప్పాడు. అందరం అత్తయ్య వైపు తిరిగాం.

"నేను మాత్రం ఎరుపెందుకు నొక్కుతా? ఈ పిల్ల పొద్దున్నే బడికి పోతే ఉప్మా చేసేదానికి టైముండదు కదా అని పచ్చే నొక్కినా."

"ఉప్మా మీకిష్టం కదా అత్తయ్యా?"

"నాకా? నీకే కదా ప్రాణం. బుధవారం కూడా చేస్తా ఉండావే."

"నాకు పడదండీ. మీ అందరికీ ఇష్టమనే..."

అవ్వ వక్కాకు ఉమ్మేసి మరీ నవ్వింది. అయిదుగురం మామయ్య వైపు చూశాం. ఆయన అప్పటికే డబ్బా తలకిందులు చేసి వైర్లు వేలితో తడుముకుంటూ వెళుతున్నారు. పచ్చ మీట నుంచి బయల్దేరిన తీగ ఎర్ర మీటరుకి అతుక్కుని ఉంది, ఎర్రదాని తీగ పచ్చదానికి. బల్బు కోసం విప్పి అతికించినప్పుడు తారుమారయ్యాయి. అంటే నేను ఆ ఇంట కాలు పెట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో జరిగిందంతా ఆ ఇంట్లో ఎవరికీ ఇష్టం లేనిదే.

"తప్పు ప్రజాస్వామ్యానిది కాదు" అన్నారు మామయ్య ఎంతో హుందాగా. "సాల్డరింగుది."

కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆడబిడ్డ వెంటనే కేబుల్ వాడి నెంబరు వెతకడానికి పరిగెత్తింది. అత్తయ్య నా పక్కకొచ్చి కూర్చుని నా జడ సర్ది వెనక్కి వేసింది. ఆమె క్షమాపణ చెప్పే పద్ధతి అది. మామయ్య లేచి నిలబడి, ఫలితాలు ప్రకటించే గొంతుతో అన్నారు. "సెరి. కరెక్టు కౌంటింగు ప్రకారం పచ్చ ఆరు, ఎరుపు సున్నా. ఇంక నువ్వు ఉద్యోగానికి పోవచ్చు మా."

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. పోవచ్చు అన్న మాట వినగానే కోపం నషాళానికంటింది. ఇంతసేపూ నా బాధ ఓటు పోయినందుకనుకున్నాను. కాదు.

"తీగలు సరిగ్గానే ఉండి ఎర్రవి ఆరొచ్చి ఉంటే నేను ఇంట్లో కూర్చోవాలా మామయ్యా?"

"అది... మెజారిటీ కదా మా."

"మీరు ఉద్యోగంలో చేరినప్పుడు ఎవరు ఓటేశారు?"

 కొత్త కోడలు మామగార్ని అలా నిలదియ్యడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మా ఆయన ఈసారి ఫ్యాన్ వైపు కాదు, నావైపు చూశాడు. మామయ్య, ఉల్లిపాయ ధర నుంచి ఉపగ్రహాల దాకా దేనికైనా జవాబున్న మనిషి, దీనికి మాత్రం డబ్బా మూత తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు. డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.  ఆదివారం పేపరు తెరిచారు గానీ వ్యాఖ్యానం లేదు. ఎదురింటి గోడ కూడా బతికిపోయింది. నేను అన్నది తప్పు కాదు, అయినా నా ప్రాణం ఉసూరుమంది. నాకు ఓటు పెట్టిన మనిషిని నేనే అంత మాట అన్నాను.

సోమవారం పొద్దున నేను తయారై వచ్చేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. "దా, దోవ చూపిస్తా. రేపట్నించి నువ్వే పోవచ్చు" అన్నారు. అని, నాలుక కరుచుకున్నారు. "పోతావు" అని దిద్దుకున్నారు.

కోడంబాక్కంలో రైలెక్కి బీచ్ స్టేషన్ దాకా వెళ్ళాం. మామూలుగా అయితే ఆ కరెంటు తీగల గురించి, పట్టాల మధ్య ఎడం గురించి ఉపన్యాసం నడవాలి. ఆ రోజు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. దిగి సందుల్లో పడ్డాం. తోపుడు బండ్లు, మూటలు, "వళి, వళి" అని దారికోసం అరిచే కూలీలు. అత్తయ్య చెప్పింది అబద్ధం కాదు. ఒక మలుపులో, పాలిథిన్ సంచులమ్మే కొట్టు ముందు ఆయన ఆగారు.

"ఇది మా నాయిన అంగడి. అప్పుడు పగ్గాలు, నార తాళ్ళు అమ్మేటోళ్ళం. నా చదువు అయినాక ఆడ గల్లాలో కూర్చోమన్నాడు. నేను సెరి అని తలూపినా. తలూపి, ఎవురికీ చెప్పకుండా పొయ్యి టెలిఫోను పరీక్ష రాసేసొచ్చినా. ఆర్డరు చేతికొచ్చినాకనే చెప్పినా. చానా దినాలు నాతో మాట్లాళ్ళేదు."

ఒక బండి మమ్మల్ని రాసుకుంటూ పోయింది. ఆయన నన్ను గోడ పక్కకు జరిపి తను అటువైపు నిలబడ్డారు.

"అడిగినావే, ఎవురు ఓటేసినారని. ఎవురూ ఎయ్యలేదు మా. ఆ పొద్దు ఓటు పెట్టుంటే మా అమ్మతో సహా అందురూ ఎరుపే నొక్కుందురు. నేను ఈపొద్దుకీ ఆడ పగ్గాలు అమ్ముకుంటా ఉందును." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "శనివారం పెట్టింది పెట్టకూడని ఓటు. మిషను చెడిపోయింది కాబట్టి తెలిసింది. బాగా పనిచేసుంటే నాకు ఎప్పటికీ తెలిసుండదు."

నేను బ్యాగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. ఏమంటే అండీ అనే వస్తుంది, ఏడుపు కూడా వస్తుంది.

బడి ఇంకో రెండు మలుపుల తర్వాత ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన్నే చూసి, పెద్దమనిషి కదా, ఎవరు కావాలి సార్ అని తమిళంలో అడిగాడు. మామయ్య రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎన్నైక్ కేక్కాదే. అవంగళ కేళు" అన్నారు. నన్నడక్కు, ఆమెనడుగు అని.

వాచ్‌మన్ నావైపు తిరిగాడు. నాకొచ్చిన నాలుగు తమిళ ముక్కలూ కూడగట్టుకుని, నేను కొత్త లెక్కల టీచర్ని అని చెప్పాను. అతను గేటు తీశాడు.